జామకాయ సాక్ష్యం

ప్రతి ఏడూ సెప్టెంబరు చివర ఒక ఆదివారం సాయంత్రం మా ఇంట్లో కూలర్ దించడంతోనే పాడైపోతుంది. వచ్చే వారం దించుదాంలే అని మా ఆయన మూడు వారాలు గడిపాక, ఇక లాభం లేదని నేనే చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని కిటికీ దగ్గర స్టూలు వేసుకుంటాను. తుప్పు పట్టిన మేకు ఒకటి నా వేలు గీరుతుంది, తొట్టి అడుగున మిగిలిన నీళ్ళు నా కాళ్ళ మీదే ఒలుకుతాయి, పక్క తలుపులు ఊడదీయగానే వేసవంతా తడిసి తడిసి నల్లబడిన గడ్డి వాసన గుప్పున మొహానికి కొడుతుంది. కుళ్ళిన గడ్డీ, ఇనుమూ, నిలవ నీరూ కలిసిన ఆ వాసన ఎవరికీ ఇష్టం ఉండదు. నాకూ లేదు. కానీ అది ముక్కుకు తగిలిన మరుక్షణం నేను పదేళ్ళ పిల్లనైపోయి, భిలాయి సెక్టర్ 7లో మా కింది అంతస్తు క్వార్టర్ వరండాలో, ఈ పూట దేవుడికి ఏం చెప్పాలా అని ఏడుపు మొహంతో నిలబడి ఉంటాను.

ఆ ఏడుపుకు కారణం మా నాన్న పెట్టిన ఒక నియమం. నాన్న శ్రీకాకుళం వైపు నుంచి ఉక్కు ప్లాంటులో పనికి వచ్చి, క్రేన్ ఎక్కి కూర్చుని, కాలుతున్న ఇనుమును ఏళ్ళ తరబడి ఒకచోటి నుంచి ఇంకోచోటికి చేర్చిన మనిషి. క్రేన్ దిగితే చర్చిలో సంఘ పెద్ద. క్యాంప్ 1 సందుల్లో రేకుల కప్పు కింద కూడుకునే మా తెలుగు సంఘంలో దసరా సెలవులయ్యాక కోతల పండగ జరిగేది. పొలాలున్న వాళ్ళ పండగ అది. మాలో ఒక్కరికీ సెంటు భూమి లేదు, అందరి నాన్నలూ ఇనుము కరిగించేవాళ్ళో, పట్టాలు సాగదీసేవాళ్ళో, రైలు డబ్బాలు అతికేవాళ్ళో. అయినా పండగ మానకుండా, బజారులో కొన్న గుమ్మడికాయలూ అరటి గెలలూ తెచ్చి బల్ల ముందు పెట్టేవారు. నాన్నకు అది మింగుడు పడేది కాదు. కొన్నది కోత ఎలా అవుతుందని ఆయన బాధ.

“మనకి పొలం నేదు, గట్టు నేదు. ఈ ఈదులే దేవుడు మనకిచ్చిన పొలం. కళ్ళతో కోసుకు రండి, రోజుకో పన,” అని ఒక ఏడాది వానలు వెనకపట్టు పట్టగానే ప్రకటించాడు.

పన అంటే కోసిన వరి కట్ట. ఆయన లెక్కలో ఆ రోజు నుంచి కోతల పండగ దాకా, సాయంకాల ప్రార్థనలో ఇంట్లో ఒక్కొక్కరూ ఆ రోజు వీధిలో తమ కళ్ళతో చూసిన ఒక మేలు చెప్పి స్తోత్రం చెయ్యాలి. ఒకసారి చెప్పింది మళ్ళీ చెప్పకూడదు. ఇంకొకరు చెప్పింది చెప్పకూడదు. ఆరోగ్యం, అన్నం, చదువు లాంటి టోకు మేళ్ళు కుదరవు. ఇవన్నీ ఎలాగో భరించేదాన్ని, కానీ పెద్దవాళ్ళ నుంచి వరస మొదలు కావాలన్నాడు చూడండి, అక్కడ నా కొంప మునిగింది.

మా అక్క సునీత నాకంటే రెండేళ్ళు పెద్దది. నా బతుకు పాడు చేయడానికి ఆ రెండేళ్ళు చాలు. రైలు కట్ట పొడవునా రెల్లు తెల్లగా విరగబూసిందని నేను బడి నుంచి పరుగెత్తుకొస్తే, అది నాకంటే ముందు చెప్పేసేది. చెరువుల్లో కాసే సింగాడా కాయల మొదటి బండి వచ్చిన రోజున, ఉడికిన నల్ల పెంకుల్లోంచి లేచే మట్టి వాసన ఆవిరి దానిదే అయింది. బెంగాలీల పూజ పందిరికి కట్టే వెదుళ్ళ పచ్చివాసన, ఛత్తీస్‌గఢీ ఆడవాళ్ళ తట్టల్లో కళ్ళు విప్పుతున్న శీతాఫలాలు, ఇనప పెట్టెలోంచి తీసి దండెం మీద వేసిన స్వెట్టర్ల కలరా ఉండల వాసన, ప్లాంటులో కరిగిన చిట్టెం పారబోసినప్పుడు సాయంత్రం ఆకాశం రెండోసారి ఎర్రబడటం, అన్నీ వరసగా దాని ఖాతాలోకే పోయాయి. ఇంత పెద్ద ఊరిలో దేవుడు చేసిన మేళ్ళన్నీ మా అక్క కోసమే చేశాడా అని నాకు ఒళ్ళు మండేది.

నాకు మిగిలినవి ఎలాంటివో చెబుతాను. సైకిలు పంక్చర్లు వేసే ముసలాయన నీళ్ళ తొట్టిలో ట్యూబు ముంచి బుడగ కోసం చూసేటప్పుడు, సూదిలో దారం ఎక్కించేవాడిలా నాలుక బయటపెట్టేవాడు. ఖుర్సీపార్ దుకాణంలో బెల్లం దిమ్మ పగలగొడితే రాలిన పొడి మీద తేనెటీగలు వాలాయి, దుకాణం భయ్యా వాటిని తోలకుండా పక్కనుంచి తూకం వేశాడు. ఎండ మెత్తబడ్డాక వీధి కుక్కలు నీడ వదిలి రోడ్డు మధ్యకు వచ్చి పడుకున్నాయి, ప్లాంటు బస్సు వాటి చుట్టూ తిరిగి వెళ్ళింది. నాన్న ఇవి వింటూ పకపకా నవ్వి “స్తోత్రం” అనేవాడు. అక్క మంచివన్నీ ఎత్తుకుపోబట్టే ఇవి నాకు కనిపించాయన్న సంగతి ఒప్పుకోవడానికి నాకు ఇప్పటికీ మనసు రాదు.

ఇక మా పై అంతస్తు తివారీ ఆంటీ గురించి చెప్పాలి. అంతకు ముందటి సంవత్సరం, వానలు వెలిసిన మొదటి మంచి ఎండలో, నాలుగు నెలలు చెమ్మగిల్లిన మా పరుపులన్నీ అమ్మ పెరట్లో మంచాల మీద ఆరేసింది. సరిగ్గా అప్పుడే పైన ఆంటీ కూలర్ దించి, తొట్టిలోని నల్లటి నీళ్ళు బాల్కనీలోంచి వంపేసింది. అమ్మ తెలుగులో, ఆవిడ హిందీలో గంటసేపు అరుచుకున్నారు, ఒకరికొకరు అర్థం చెప్పాల్సిన అవసరమే రాలేదు. అప్పటి నుంచి ఏడాదిగా మాటల్లేవు. నాన్న రోజూ ప్రార్థనలో పైఇంటితో సమాధానం కలగాలని అడిగేవాడు. ఆ ఒక్క మనవి దగ్గర అమ్మ ఆమెన్ చాలా చిన్నగా వినిపించేది.

అలాంటి రోజుల్లో ఒక మంగళవారం లెక్కల పరీక్షలో వందకు ముప్ఫయ్యొకటి వచ్చాయి. వానలు పోయినా ఉక్క పోలేదు, కరెంటు లేదు, దారిలో చెప్పు తెగింది. కాలీడ్చుకుంటూ ఇల్లు చేరాను. దారిలో ఏం చూశానంటే, తెగిన చెప్పు చూశాను. సాయంత్రం అక్క గేటు మీద సాలెగూట్లో మంచు బొట్లు చూశానని అప్పగించింది. వరస నాకు వచ్చింది.

“బేగి సెప్పే, అన్నం సల్లారిపోతంది,” అంది అమ్మ.

“తివారీ ఆంటీ,” అంది నా నోరు, నన్ను అడక్కుండానే. “మెట్ల దగ్గర పిలిచి జామకాయ ఇచ్చింది. మీ అమ్మ బాగుందా అని అడిగింది.”

లాంతరు వెలుగులో నాన్న కళ్ళు మూసుకున్నాడు. రెప్పల కింద నుంచి నీళ్ళు కారాయి. “ఏడాది బట్టి అడుగుతన్నాం గదా,” అన్నాడు అమ్మతో. “ఆదివారం సంఘంలో నిలబడి సాక్ష్యం సెప్తాను.”

“జామకాయేదీ?” అని అక్క నా చెవిలో గుచ్చింది.

“తినీసాను,” అన్నాను. నిమిషంలో రెండో అబద్ధం.

పది ఆజ్ఞలు నిద్రలో లేపి అడిగినా వరస తప్పకుండా అప్పగించే పిల్లను నేను. పొరుగువాడి మీద అబద్ధ సాక్ష్యం కూడదని తెలుసు. అయితే నేను పలికింది పొరుగావిడ మీద కాదు కదా, ఆవిడకు మంచి పేరు వచ్చేలాగే కదా అని రెండు రోజులు దేవుడితో వకీలులా వాదించాను. దేవుడు ఏమీ అనలేదు. అనకపోవడం చూస్తే ఒప్పుకున్నట్టు లేదు.

గురువారం అమ్మ అలమారా పై అరలోంచి పలాస జీడిపప్పు పొట్లం దించింది. ఊరి నుంచి మావయ్య తెచ్చింది, కోతల పండగ పాయసం కోసమని మమ్మల్ని ఒక్క పలుకు ముట్టనివ్వకుండా దాచింది.

“వొండిందైతే ఆవిడ మన ఇంటిది తింటాదో తినదో. ఇదైతే పేచీ ఉండదు. ఎల్లి ఇచ్చీసి రా,” అని నా చేతిలోనే పెట్టింది.

మెట్లెక్కాను. ఇచ్చి పరుగెత్తుకొద్దామా అంటే, ఎందుకు ఇచ్చారని ఆవిడ అమ్మనే అడుగుతుంది. ఆంటీ పిండి చేతులతో తలుపు తీసి, పొట్లాన్నీ నన్నూ మార్చి మార్చి చూసి, “యే క్యా హై? కిస్ ఖుషీ మే?” అని అడిగింది. ఇది ఏ సంతోషానికి అని. ఆ మాటతో నాకు ఏడుపు తన్నుకొచ్చి, జరిగిందంతా హిందీలో ఒక్క ఊపిరిలో కక్కేశాను.

“మేరే నామ్ సే ఝూఠ్?” నా పేరు మీద అబద్ధమా అని ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుంది. “ఎన్ని ఇచ్చానని చెప్పావ్?” అని హిందీలోనే అడిగింది.

“ఒకటి.”

“ఏక్? బస్ ఏక్? కంజూస్ బనా దియా ముఝే!”

ఒక్క జామకాయ ఇచ్చే పిసినారిని చేశానన్న దానికే ఆవిడకు ఎక్కువ కోపం వచ్చింది. విసవిసా లోపలికి వెళ్ళి నాలుగు దోర జామకాయలు తెచ్చి నా గౌను ఒడిలో పోసి, “లే, అబ్ సచ్ హో గయా,” అంది. ఇక నిజమైపోయింది, ఎవరికీ చెప్పకు అని నెత్తిన మొట్టి తలుపు వేసుకుంది.

నేను మెట్ల మీదే కూర్చుండిపోయాను. ఇక నన్ను పట్టుకునేవాళ్ళెవరూ లేరు. జామకాయలు ఒళ్ళో ఉన్నాయి, ఆంటీ నోరు విప్పదు, అమ్మ జీడిపప్పుతో సహా అంతా సర్దుకుంది. నాకు నిజంగా భయం వేసింది అప్పుడే. ఆదివారం నాన్న చెయ్యెత్తి నిలబడి, జరగనిదాన్ని జరిగిందని దేవుని ఎదుట పలుకుతాడు. ఆయన జీవితంలో ఆయనకు తెలియకుండా ఆడే అబద్ధం అదొక్కటే అవుతుంది, దాన్ని ఆయన నోట్లో పెట్టింది నేనవుతాను.

శనివారం మధ్యాహ్నం దాకా ఆగాను. నాన్న తెల్ల చొక్కా ఇస్త్రీ చేసుకుంటూ సాక్ష్యం వల్లించుకుంటున్నాడు. “సహోదరులారా, ఒక చిన్న జామకాయ ద్వారా...” అన్నంత వరకూ విని, ఇక తట్టుకోలేక చెప్పేశాను.

“నా జీడిపప్పో!” అని అమ్మ నెత్తి మీద చేతులు పెట్టుకుంది.

నాన్న ఇస్త్రీపెట్టె నిలబెట్టాడు. కొడతాడనుకున్నాను. “అయితే ఆ రోజు నీకేటి కనపడింది?” అని అడిగాడు.

“ఏటీ కనపళ్ళేదు నాన్నా.”

“ఆ ముక్కే సెప్పీసుంటే అయిపోను గదే అమ్మలూ. అదీ ఇంటాడు దేవుడు. ఏటీ కనపళ్ళేదు అనడానికి సిగ్గేటి?”

అక్కడితో ముగిసిందని నేను ఊపిరి పీల్చుకున్నాను. మా నాన్న సంగతి తెలిసి కూడా అలా అనుకోవడం నా తెలివితక్కువతనం. మర్నాడు సాక్ష్యాల సమయంలో ఆయన లేచి, అబద్ధం మొదలు జీడిపప్పు దాకా, ముప్ఫయ్యొక్క మార్కులతో సహా, ఒక్క ముక్క వదలకుండా సంఘానికి విన్నవించి, తన బిడ్డ తనంతట తాను ఒప్పుకుందని, ఈ ఏడు తన కోత ఇదేనని చెప్పి, నన్ను లేచి నిలబడమన్నాడు. రేకుల కప్పు ఎగిరిపోయేలా హల్లెలూయా అన్నారు. ఆడవాళ్ళ వరసలో పైటలు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వారు. నాకు పెళ్ళయ్యేదాకా ఆ సంఘంలో నేను జామకాయ పిల్లనే. నాన్న మీద ఆ కోపం ఎంతకాలం ఉందో చెబితే నన్ను విశ్వాసి అనరు.

పైఇంటితో సమాధానం కలిగిందా అంటే, కలిగినంత కలిగింది. జీడిపప్పు వెనక్కి అడగడం కుదరదు కనుక అమ్మ ఊరుకుంది. మరుసటి ఏడు కూడా తివారీ ఆంటీ కూలర్ నీళ్ళు బాల్కనీలోంచే వంపింది. కాకపోతే వంపే ముందు, “హటా లో, పానీ గిరా రహీ హూఁ!”, తీసేసుకోండి, నీళ్ళు పోస్తున్నా అని వీధి చివరిదాకా వినిపించేలా కేక పెట్టింది. అమ్మ తిట్టుకుంటూ పరుపులు పక్కకు లాక్కుంది. నాన్న ఆ కేకకు కూడా ఆ సాయంత్రం స్తోత్రం చేశాడు.

ఇప్పుడు నాన్న లేడు. నేను మాత్రం పెళ్ళయ్యాక కూడా ఈ ఊళ్ళోనే, ఈ సంఘంలోనే ఉన్నాను. తివారీ అంకుల్ రిటైరయ్యాక వాళ్ళు సొంతూరు వెళ్ళిపోతే, వాళ్ళను రైలెక్కించి వచ్చిన అమ్మ రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మేమున్న వరసలో సగం క్వార్టర్లకు తాళాలు, గోడల్లోంచి రావి మొక్కలు. మా సంఘానికి రేకులు పోయి శ్లాబు వచ్చింది, నున్నటి రాళ్ళ నేల వచ్చింది, చెవులు పగిలే సౌండు బాక్సులు వచ్చాయి. సాక్ష్యాలు కూడా పెరిగి పెద్దవయ్యాయి: ఉద్యోగం, కారు, స్థలం రిజిస్ట్రేషను, ఆపరేషను. చిన్నవి చెప్పేవాళ్ళు లేరు. పొద్దున్నే ఫోన్లో గులాబీ పువ్వు బొమ్మ కింద ఒక వాక్యం వస్తుంది, దానికి అందరూ చేతులు జోడించిన బొమ్మ తిరిగి పంపిస్తారు, నేనూ పంపిస్తాను, ఆ రోజుకి ఆ పని అయిపోతుంది. విసుగు నా మీదే ఎక్కువ.

పోయిన నెలలో ఒక ఆదివారం పాస్టరు అయ్యగారు సాక్ష్యాలున్నవారు లేవండి అన్నప్పుడు నేను లేచాను. “ఈ వారం నాకేమీ కనపడలేదు,” అన్నాను. “ఏడు రోజులు ఈ ఊళ్ళో తిరిగాను. దేవుడు చేయక కాదు, నేను చూడక. అంతే.” కూర్చున్నాను. మైకు పట్టుకున్నాయన ఇంకా ఏమైనా ఉందేమోనని నా ముందే నిలబడ్డాడు. అయ్యగారు దగ్గి, పాటకు నంబరు చెప్పారు.

బయట చెప్పులు తొడుక్కుంటుంటే, ఖుర్సీపార్ నుంచి వచ్చే ముసలావిడ ఒకామె, పేరు కూడా నాకు సరిగా తెలియదు, నా మణికట్టు పట్టుకుంది.

“నాకూ ఏటీ కనపళ్ళేదమ్మా,” అంది. “మా ఆయన పోయిన కాణ్ణుంచి. ఎవులికీ సెప్పనేదు.”

ఆటో వచ్చేదాకా ఆమె నా చెయ్యి వదల్లేదు.