రేణుక రైలుకి డ్రైవరు

మార్కాపురంలో పలకల పనికి పోయే ఆడవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళలో సొంతంగా రైల్వే కంపెనీ పెట్టింది మాత్రం రేణుక ఒక్కతే. నవ్వకండి. కంపెనీ అంటే కంపెనీయే. దానికి పేరుంది, స్టేషన్లున్నాయి, ఏ పెట్టెలో ఏ సరుకు ఎక్కాలో, ఎక్కడ దిగాలో అంతా ఉంది. కాకపోతే ఆ రైల్వే భూమ్మీద ఎక్కడా లేదు. రేణుక ఇంటి వసారాలో, రెండు ప్లైవుడ్ చెక్కల మీద ఉంది.

ఈ పిచ్చి ఆమెకు పని దగ్గరే అంటుకుంది. ఆమె పనిచేసే పలకల కార్ఖానా ఆనంద్ బాబుది. పిల్లలు రాసుకునే పలకలకు గిరాకీ పడిపోయాక, ఏ ఆర్డరు దొరికితే ఆ ఆర్డరు పట్టుకొచ్చే మనిషి ఆయన. ఒకసారి విదేశం నుంచి విచిత్రమైన ఆర్డరు తెచ్చాడు. గోరంత పలక పెంకులు కావాలట. పల్చగా, అన్నీ ఒకే కొలతలో, డబ్బాలకు డబ్బాలు. మిగతా ఆడవాళ్ళు కోసి, డబ్బాల్లో పోసి, చేతులు కడుక్కుని ఇళ్ళకు పోయారు. రేణుకకు మాత్రం అన్నం సహించలేదు. ఇంత చిన్న పెంకులు ఏ ఇంటి కప్పుకి? ఆ ఇంట్లో ఉండేది ఎవరు?

ఆనంద్ బాబుని అడిగితే, "మనకెందుకమ్మా, డబ్బులిస్తా ఉండారు గదా" అన్నాడు. అదీ ఒక జవాబేనా? ఆమె ఊరుకునే మనిషైతేగా. చెవిలో జోరీగలా పోరి పోరి ఆయన ప్రాణం తీసింది. చివరికి ఆయన విసుక్కుంటూ ఫోనులో ఒక వీడియో పెట్టి చూపించాడు.

ఎవరో ముసలాయన, గదినిండా బొమ్మ రైలు. కొండలు, వంతెనలు, ఇళ్ళు, ఇళ్ళ కప్పుల మీద గోరంత పలక పెంకులు. రేణుకను పట్టేసింది రైలు కాదు, ఆ ముసలాయన చెబుతున్న మాట. ఆనంద్ బాబు తెలుగు చేసి చెప్పాడు. ఆ రైల్వే లోకంలో ఎక్కడా లేదట. ఆ ఊళ్ళు, ఆ కంపెనీ, అది పుట్టిన సంవత్సరం, అందులో పనిచేసే వాళ్ళు, అంతా ఆయన కల్పనేనట. "పనీ పాటా లేక" అని ఆనంద్ బాబు ఫోను జేబులో పెట్టుకున్నాడు. రేణుక ఆ సాయంత్రం ఇంటికి వస్తూ దారిపొడవునా అదే తలుచుకుంది. లేని ఊళ్ళ మధ్య రైలు వేసుకోవచ్చని ఆమెకు అంతవరకూ ఎవరూ చెప్పలేదు మరి.

ఆమె మొగుడు కోటి ఆటో నడుపుతాడు. పెళ్ళాం ఏదైనా మనసులో పెట్టుకుంటే ఇంట్లో కూర రుచి మారుతుందని తెలిసినవాడు. బజారులో బ్యాటరీ రైలు బొమ్మలు రెండు పెట్టెలు కొనుక్కొచ్చి ఇచ్చాడు. రెంటి పట్టాలూ కలిపి చెక్క మీద బిగిస్తే, రైలు కూత వేసుకుంటూ గుండ్రంగా తిరిగింది. మళ్ళీ తిరిగింది. కోటి కాసేపు చూసి, "ఎక్కిన కాడనే దిగేదానికి రైలెందుకే, నా ఆటో చాలదా" అన్నాడు.

వాడు ఎగతాళికి అన్నాడు గానీ, రేణుకకు అది సరిగ్గా తగలాల్సిన చోట తగిలింది. నిజమే, రైలు ఎందుకు పోతుంది? ఊరికే ఎవరూ పట్టాలు వేయరు కదా. పని చేస్తూ ఆలోచించింది, అన్నం వండుతూ ఆలోచించింది. చెక్కకు ఒక మూలన పలకల గని పెట్టింది. గని ఉంది కాబట్టి కూలీలు ఉండాలి, కూలీలు ఉంటే సంత ఉండాలి, సంత ఉంటే కింద నుంచి ఉప్పు, బట్టలు, ఎండుచేపలు ఎక్కి రావాలి. పైనుంచి పలకలు, కందులు దిగాలి. ఇప్పుడు రైలుకు పని దొరికింది. కార్ఖానాలో పారేసే పలక ముక్కలు సంచిలో తెచ్చి, పొర మీద పొర అతికించి గుట్టలు లేపింది. మనూరి గుట్టలు కూడా అట్లాగే పొరలు పొరలుగా ఉంటాయి కాబట్టి, చూసినవాళ్ళకు ఎక్కడో చూసినట్టే అనిపించేది.

ఊళ్ళ పేర్ల దగ్గర కొంచెం రభస అయింది. మొదట్లో ఆమె కనిగిరి, వెలిగండ్ల అని నిజం పేర్లే పెట్టింది. పక్కింటి శేషమ్మ వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది.

"మా పుట్టింటికి స్టేషన్ లేదేంది?"

"చోటు లేదు వదినా."

"వెలిగండ్లకు చోటుంది గానీ మా ఊరికి లేదా. మీ నాయన ఊరని పెట్టుకున్నావు."

రెండు రోజులు మాటల్లేవు. నిజం ఊరు పెడితే నిజం తగవులు వస్తాయని అప్పుడు అర్థమై, రేణుక పేర్లన్నీ పీకేసి కొత్తవి పెట్టింది. నల్లగుట్ట, చింతలబావి, రాళ్ళవాగు రోడ్. ఊరికి అంత దూరాన స్టేషన్ కట్టి పేరు పక్కన రోడ్ అని తగిలించడం మన రైళ్ళ మర్యాద కదా, ఆ మర్యాద ఆమె కూడా పాటించింది. శేషమ్మను చింతలబావి స్టేషన్ మాస్టరుకు వంటమనిషిగా వేస్తానని బతిమాలితే ఆవిడ కరిగి, "జీతం ఎంత" అని అడిగింది.

ఈ సంబరంలో రేణుక ఇంట్లో ఉన్న ఇంకో మనిషిని సరిగా చూసుకోలేదు. ఆ మనిషి ఆమె తండ్రి యల్లయ్య.

యల్లయ్య పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి గొర్రెల వెనకే నడిచినవాడు. వేసవిలో మందను తోలుకుని నల్లమల అంచుకు పోయేవాడు. ఆరేళ్ళ కిందట గిద్దలూరు దాటాక, అడవి పక్కన మంద పట్టాలు దాటుతుంటే గుట్ట మలుపులోంచి గూడ్సు బండి వచ్చింది. ముందు గొర్రె ఎటు పోతే వెనకవన్నీ అటే పోతాయి. ముప్పైకి పైగా పోయాయి. మిగిలినవాటిని అమ్మేశాడు. భార్య అంతకు ముందే పోయింది, కొడుకులు లేరు. రేణుకే వెళ్ళి ఆయన్ని తెచ్చుకుంది. కూతురింట్లో కూర్చుని తినడం ఆయనకు గొంతు దిగని ముద్ద, అయినా వచ్చాడు. ఆ తర్వాత ఆయన నోట రైలు అన్న మాట ఎవరూ వినలేదు.

బొమ్మ రైలు మొదటిసారి కూసిన రోజు ఆయన మంచం బయట రేకుల కిందికి జరుపుకున్నాడు. గాలికోసమేమో అనుకుంది రేణుక. ఒక పొద్దున చూస్తే మంచం మీద బట్టల మూట కట్టి ఉంది.

"వెలిగండ్ల పోతా. మీ చిన్నాయన కొడుకు వెంకటసుబ్బయ్య రమ్మంటా ఉండాడు" అన్నాడు.

"ఎందుకు నాయనా?"

"ఊరికెనే."

"రైలు తీసేస్తా."

"నా కోసం తీయమాక. నీ ఇల్లు నీది. ఎక్కువైన మనిషిని నేను."

ఆయన సంగతి రేణుకకు తెలుసు. ఈ మాట అని గడప దాటితే మళ్ళీ ఈ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగడు. అక్కడ వెంకటసుబ్బయ్య ఇంట్లో ఏ మూల మంచం మీద పడి ఉంటాడో, జ్వరం వస్తే ఎవరు చూస్తారో. కోటి మధ్యలో దూరి, "అమావాస్య ముందు ప్రయాణమేంది మామా, శనివారం నేనే బస్సెక్కిస్తాలే" అని నాలుగు రోజులు గుంజాడు.

ఆ మధ్యాహ్నమే రేణుక వసారాలో కూర్చుని పట్టాలు ఊడదీయడం మొదలుపెట్టింది. ఒక్కో ముక్క ఊడుతుంటే ఏడుపు వచ్చింది, ఏడుస్తున్నందుకు సిగ్గేసింది. యల్లయ్య బయట మంచం మీద అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. అటు తిరిగే అడిగాడు.

"దానికి డ్రైవరు ఎవరు?"

రేణుక చెయ్యి ఆగింది. "డ్రైవరు లేడు నాయనా. బొమ్మ కదా."

"బొమ్మకు స్టేషన్ మాస్టరుండాడు, వంటమనిషి ఉండాది. శేషమ్మతో చెప్తా ఉంటే విన్నా. డ్రైవరు ఉండడా?"

ఆమె గని కల్పించింది, సంత కల్పించింది, ఇంజనులో కూర్చునే మనిషిని మాత్రం మరిచిపోయింది. యల్లయ్య మళ్ళీ అన్నాడు. "ఆరేండ్లుగా నన్ను నేనే ఒకటి అడుగుతా ఉండా. ఆ మలుపు కాడ వాడికి నా గొర్రెలు కనపడినాయా, లేదా? కనపడి కూడా తోలినాడా?"

పాడు బుద్ధి, రేణుకకు నిజంగా తెలుసుకోవాలనిపించింది. కనపడతాయా? ఊడదీసిన పట్టాలు మళ్ళీ బిగించింది. గడ్డం చెక్కకు ఆనించి, ఇంజను ఎత్తున కన్ను పెట్టి చూసింది. సరిగా తెలియలేదు. అప్పుడు తన ఫోను తీసి ఇంజను మీద పెట్టి రబ్బరు బ్యాండు వేసి కట్టింది.

"నాయనా, లోపలికి రా. ఆ గుట్ట ఎట్లుండాదో నువ్వే పెట్టు."

రాడనుకుంది. వచ్చాడు. ఆరేళ్ళలో మొదటిసారి పట్టాల పక్కన గొంతుకూర్చున్నాడు. ఆమె పెట్టిన గుట్టను చూసి, "ఇట్ల కాదు, పట్టాల మీదకి వచ్చినట్టుంటది" అని పలక రాళ్ళు తన చేత్తో జరిపాడు. ఇక్కడ తుమ్మలు అన్నాడు. ఆమె కంప పుల్లలు గుచ్చింది. గొర్రెలకని దూది ఉండలు ఇస్తే, ఒక్కొక్కటి తీసి పట్టాల మీద పెట్టాడు.

ఫోను బరువుకు ఇంజను కదల్లేదు. రేణుక వీడియో ఆన్ చేసి చేత్తోనే మెల్లగా తోసింది. తర్వాత ఇద్దరూ కలిసి చూశారు. రాయి. రాయి. తుమ్మకంప. మళ్ళీ రాయి. ఆపైన ఒక్కసారిగా తెరంతా తెల్లగా దూది.

"ఇంకోసారి పెట్టు" అన్నాడు యల్లయ్య.

ఇంకోసారి పెట్టింది. ఆయన ఆపమనేదాకా పెడుతూనే ఉంది.

"బ్రేకు పట్టినా ఉన్నపాటున నిలబడదంట నాయనా" అంది మెల్లగా. "గూడ్సయితే కిలోమీటరు దాకా పోతాదంట."

"పోయినాడు. దూరంగా పోయి నిలబెట్టినాడు." యల్లయ్య ఫోను వంకే చూస్తున్నాడు. "మలుపు అవతల నుంచే కూత వేసుకుంటా వచ్చినాడు. ఒళ్ళు బలిసి కూస్తా ఉండాడనుకున్నా. బండి నిలబెట్టి దిగి, ఎనక్కి నడిచి వస్తా ఉండాడు నా కాడికి. నేను రాయి తీసి కొట్టినా. తగిలిందో లేదో తెలీదు. వాడు నిలబడి చూసి, తిరిగి పోయినాడు."

ఈ మాట రేణుక ఎప్పుడూ వినలేదు. ఎవరూ వినలేదు.

"చిన్నోడు" అన్నాడు ఆయన. "ఆ పొద్దు ఇంటికి పోయి అన్నం తిన్నాడో లేదో."

శనివారం పొద్దున కోటి ఆటో వాకిట్లో పెట్టాడు. యల్లయ్య తలగుడ్డ చుట్టుకుని మూట చంకన పెట్టుకున్నాడు. రేణుక ఉండమని అడగలేదు. అడిగితే ఇంకా బిగుసుకునే మనిషి. వసారా గుమ్మంలో నిలబడి, "డ్రైవరు ఉండాలంటివి కదా. పేరు చెప్పి పో" అంది.

యల్లయ్య ఆగాడు. చెక్క మీద రైలు చింతలబావి దగ్గర నిలిచి ఉంది. వంగి దాన్ని చూశాడు.

"వాడి పేరు మనకు తెలీదు గదా. పేరు తెలీని మనిషిని ఇన్నేండ్లు తిట్టినా." మూట చంక మార్చుకున్నాడు. "నా పేరే పెట్టు. యల్లయ్య అని రాయి. గుట్ట మలుపు కాడికి వచ్చేసరికి మెల్లగా తోలుతాడని కూడా రాసుకో."

కోటి బయటి నుంచి బస్సుకు టైమవుతోందని కేక వేశాడు. యల్లయ్య మూట మంచం మీద పెట్టి, చెప్పులు విడిచి, రైలు ముందుకొచ్చి కూర్చున్నాడు.

"ఆటో తిప్పుకో అల్లుడా" అన్నాడు. "నాకు డ్యూటీ ఉండాది."