కచేరీ దిబ్బ మీద లంకెబిందెలు

అంతర్వేది స్వామి సాక్షిగా చెబుతున్నాను, ఇందులో ఒక్క అక్షరం అబద్ధం లేదు.

తొంభై ఎనిమిది చివర్లో నేను రాజోలు దగ్గర ఒక మండలంలో రెవెన్యూ ఇన్‌స్పెక్టరుని. అక్కడ ఏటిగట్టు పక్కన కచేరీ దిబ్బ అనే సర్కారు పోరంబోకు ఉండేది. పాత జమీందారు ఆ దిబ్బలో లంకెబిందెలు పాతించాడనీ, వాటికి నాగుపాము కాపలా అనీ ఊరంతా చెప్పుకునేవారు.

ఓ ఉదయం గ్రామ నౌకరు పరిగెత్తుకొచ్చాడు. తప్పిపోయిన మేక కోసం దిబ్బెక్కిన ఒకతనికి కాలికింద మన్ను గుల్లగా దిగబడిందట. గునపం వేస్తే టక్కుమందట.

నిక్షేపం అంటే ఎవరూ ముట్టుకోకూడదు. ఎమ్మార్వోగారి ఎదుట తవ్వించి పంచనామా రాయాలి. అంటే ఊరి పెద్దల సమక్షంలో, చూసింది చూసినట్టు. మా ఎమ్మార్వోగారు కొత్తగా వచ్చినవారు. చట్టం పుస్తకం చంకలో పెట్టుకునే జీపు దిగారు. జనం మాత్రం పాముకి జడిసి గట్టుమీదే నిలబడ్డారు.

తవ్విస్తే తాటి టెంకలు! ఒక్కోదానికీ జానెడు తేగ.

అంతలో జనాన్ని తోసుకుంటూ సత్తెమ్మ వచ్చింది. సంతలో తేగలమ్ముకునే మనిషి.

"ఆయ్, అది నా పాతరండి బాబూ! పాము భయానికి ఇటెవరూ రారు కదండీ, దొంగల బెడద ఉండదని ఇక్కడ పాతేను."

"అయితే ఇన్నాళ్ళూ ఆ పాము నువ్వేనేంటి పిన్నీ!" అన్నారెవరో గట్టుమీంచి.

ఎమ్మార్వోగారు పుస్తకం తిప్పారు. భూమిలో దాచినదేదైనా, పది రూపాయలు మించి విలువుంటే నిక్షేపమేనట. కలెక్టరుగారి విచారణ తేలేదాకా ఖజానాలో జమ చెయ్యాలన్నారు. సత్తెమ్మ మొహం మాడిపోయింది. విచారణంటే నెలలు. ఈలోగా తేగలు పీచు తేలి ఎందుకూ పనికిరావు. ఆ శీతాకాలమంతా ఆవిడ పొయ్యి వెలగాల్సింది ఆ పాతర మీదే.

"సార్, ఇది ప్రాణమున్న సరుకండి," అన్నాను మెల్లగా. "రేపు ఖజానాలో తాడిచెట్లు లేస్తే, ఆడిట్‌వాళ్ళకి కల్లు లెక్క కూడా చెప్పాలండి."

ఎమ్మార్వోగారు పడీపడీ నవ్వారు. పాతిన మనిషి హాజరైంది కనుక సొత్తు అప్పగించామని పంచనామాలో రాయించి సంతకం చేశారు. సత్తెమ్మ తేగలు బుట్టకెత్తుకుని వెళ్ళిపోయింది.

భూమిలో ఏది దొరికినా ముందు అడగాల్సింది దాని విలువ కాదు, పాతినవాళ్ళు బతికున్నారా అన్నది. మిగతా సర్వీసంతా నేను అదే పాటించాను.

ఇక నేను కల్పించింది కూడా చెప్పేస్తాను. ఎమ్మార్వోగారు నవ్వలేదు. కల్లు ఎక్సైజువారి వ్యవహారం, మనకెందుకొచ్చిన తగువని గంభీరంగా ఆలోచించి మరీ సంతకం పెట్టారు.