తాళం వేసిన వెనక గది

తిరువళ్ళూరులో మేం ఎన్నో ఏళ్ళుగా అద్దెకుంటున్న ఇంటిని అమ్మేస్తానన్నాడు ఓనరు. ముందు మమ్మల్నే అడిగాడు, అదే పదివేలు. బ్యాంకు లోను వస్తే ఇల్లు మాది, రాకపోతే మూటాముల్లె సర్దుకోవాలి. ఆ సంగతి తేలేదాకా నేను కుదురుగా ఉన్న రోజు లేదు. కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే ఎటు పోవాలో తెలిసేది కాదు.

నా దిగులంతా వెనక గది మీదే. బావ పోయాక అక్క వెంగల్ నుంచి మా దగ్గరికి వచ్చేసినప్పుడు, ఓనరును బతిమాలి పెరట్లో గోడకానించి వేయించిన రేకుల గది అది. ఇంటి ప్లాన్‌లో దాని ఊసే లేదు. అనుమతి లేని కట్టడం కనబడితే కొట్టేయమంటారనీ, అసలు లోనే ఇవ్వరనీ, రోజూ నాతో రైల్లో ఆఫీసుకొచ్చేవాళ్ళు తలా ఒకటి చెప్పి నా ప్రాణం తోడేశారు.

ఇంటి విలువ కట్టడానికి సోమవారం వస్తానన్న బ్యాంకు ఇంజనీరు శనివారమే ఫోన్ చేశాడు, వీధి మొదట్లో ఉన్నానని. వెనక గదిలో మనిషి ఉంటోందని తెలిస్తే చిక్కు, వట్టి సామాన్ల గదంటే పట్టించుకోడనుకున్నాను. అక్క మోకాళ్ళ నొప్పితో మంచం మీద ఉంది. పక్కింటికి నడిపించుకు పోయే వ్యవధి లేదు.

"సామాన్ల రూమని చెప్తాను, కొంచేపు గమ్మునుండక్కా" అని బయట తాళం వేశాను.

ఆయన టేపుతో హాలు కొలిచాడు, వంటిల్లు కొలిచాడు. మాటలన్నీ తమిళంలోనే. నేనూ తమిళంలోనే అక్కర్లేనివన్నీ వాగుతూ వెంట తిరిగాను. పెరట్లోకొచ్చి ఇదేమిటని అడిగాడు. పాత సామాన్లు సార్, లోపల ఎవరూ ఉండరు అన్నాను. అంతలో ఆయనకు ఫోనొచ్చింది.

"తిరుత్తణికి వచ్చేసరికి రెండవుతాదిమా, మీరు తినేయండి" అన్నాడు, తెలుగులో.

మావాళ్ళకు ఇదొక జబ్బు. చుట్టూ తమిళం మధ్య ఎవరైనా తెలుగులో రెండు ముక్కలంటే చాలు, ఊరూ వాడా కనుక్కోందే ఊపిరాడదు. తాళం వేసిన గదిలోంచి అక్క గొంతు వినిపించింది.

"తిరుత్తణిలో యాడ నాయనా మీ ఇల్లు?"

ఇంజనీరు ఉలిక్కిపడ్డాడు. తాళం చూశాడు, నా మొహం చూశాడు. జేబులోనే ఉన్న తాళంచెవి నాకు ఎంతకీ దొరకలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. తలుపు తీసేసరికి అక్క కొంగు సర్దుకుని నిలబడి ఉంది. ఐదు నిమిషాల్లో ఇద్దరూ ఎవరి పెళ్ళి దగ్గరో చుట్టరికం కలిపేసుకున్నారు. అక్క ఆ గదిలోని పొయ్యి మీదే కాఫీ పెట్టి అందరికీ ఇచ్చింది.

గేటు దగ్గర ఆయన నన్ను ఆపాడు. "అన్నా, ప్లాన్‌లో లేని రూముకు నేను విలువ కట్టను, అంతే. మిగతా ఇంటికి లోను వస్తాది. దీనికోసరం పెద్దామెను లోపలేసి తాళమేస్తారా?"

మొదటి సగమే నా చెవికెక్కింది. గండం గడిచిందని నవ్వుకుంటూ వెనక్కి వచ్చాను.

"విన్నావాక్కా, లోను వస్తాదంట!"

అక్క నవ్వలేదు.

"ఆ యప్ప ఈ రూము కొట్టేస్తేనే లోను అనుంటే, ఏం చేసుందువురా?"

వెంటనే చెప్పాల్సింది. కానీ నా మనసు ఒక్క క్షణం ఇంటి వైపు పోయింది. "అట్లెందుకు చేస్తానక్కా" అనేలోపే ఆమె ఖాళీ గ్లాసులు తీసుకుని కుంటుకుంటూ కొళాయి దగ్గరికి పోయింది.