పళ్ల మధ్య నాడె

ఓదెలును చెవిటివాడన్నది హనుమాండ్లు సేటు. ముంబయి పక్క భీవండిలో, తెలుగువాళ్ల సంఘం భవనంలో చాపల మీద ఎనభై మంది కూర్చుని, చేతుల్లో టీ గ్లాసులు ఇంకా పొగలు కక్కుతుండగా అన్నాడు. అప్పటికి ఓదెలుకు ఇరవై ఆరేళ్లు. ఇరవై నాలుగు సాంచెలు ఒక్కసారిగా మోగే చోట నిలబడి, ఏ సాంచకు ఏ నట్టు వదులైందో చెప్పగల చెవులు వాడివి.

సాంచ అంటే కరెంటు మీద నడిచే మగ్గం. గైబీ నగర్‌లో హనుమాండ్లు కార్ఖానాలో వాటిని బాగుచేసే జాబరు ఓదెలు. ప్రమాదం జరిగిన పొద్దున పదకొండో సాంచ దగ్గర ఆగి, "సేటూ, దీన్ని ఆపుండ్రి. నాడెను కొట్టే కట్టె కాడ ఇనుము పగుల్తున్నది" అన్నాడు. ఎక్కించిన నూలు అయిపోయేదాకా ఆపేది లేదన్నాడు సేటు. అన్నాలకు లేవకముందే ఆ ఇనుము విరిగింది. పోగును అటూ ఇటూ మోసే నాడె, రెండు కొనలకూ ఉక్కు మొనలున్న ఆ చెక్క, సాంచలోంచి ఎగిరి, దాని మీద నేసే పర్శరాములు ఎడమ కంట్లో దిగింది.

నాలుగు రోజులకు సంఘం కూర్చుంది. "జాబరుకు చెవులు ఇనవడయ్. సాంచ గంత మొత్తుకుంటే వానికి తెల్వలే. గిండ్ల నా తప్పేమున్నది?" అన్నాడు హనుమాండ్లు, ఓదెలు ముఖంలోకే సూటిగా చూస్తూ.

ఓదెలు నిర్ఘాంతపోయి పర్శరాములు వైపు తిరిగాడు. సగం ముఖానికి కట్టు. ఆ పొద్దున సాంచ ఆపమన్నప్పుడు పక్కనే ఉన్నది అతనొక్కడే.

"నాకేం యాదికి లేదు" అన్నాడు పర్శరాములు.

కన్ను పోయినవాడికి అదే కార్ఖానా గేటు దగ్గర స్టూలు దొరికింది. ఓదెలుకు మాత్రం భీవండిలో మళ్లీ ఎక్కడా జాబరు పని దొరకలేదు. చెవిటి జాబరును ఎవడు పెట్టుకుంటాడు? పెద్దమనుషులు టీ గ్లాసులను కడిగే మనిషికి ఇచ్చేసి ఇళ్లకు పోయారు. సాంచ ఆపనివాడు మరుసటి ఏడు సంఘానికి ఉపాధ్యక్షుడయ్యాడు.

ఇదంతా జరిగి పంతొమ్మిదేళ్లు. హనుమాండ్లు మనవడు పంకజ్‌కు అప్పుడు మూడేళ్లు. ఆ ఇంట్లో ఈ కథ ఎవరూ చెప్పుకోరు గనక వాడికి తెలిసే దారే లేదు. వాడికి తెలిసిన బాధ ఒక్కటే. గిటార్ వాయిస్తే యాంప్లిఫయర్ జర్రుమంటోంది.

ఆ యాంప్లిఫయర్ వసైలో ఒక చర్చి బ్యాండు వాళ్లు వదిలించుకున్నది. పాత రేడియోల్లోలాగా లోపల గాజు వాల్వులు వెలుగుతాయి. ముంబయిలో చూపిస్తే కొత్తది కొనుక్కోమన్నారు. డ్రమ్ములు కొట్టే స్నేహితుడు అమోల్ చెప్పాడు, అంజూర్ ఫాటా దగ్గర గోదాముల వెనక ఒక తెలుగు కాకా ఉన్నాడని, మండపాల స్పీకర్లు బాగుచేస్తాడని, వాల్వు పెట్టె కనబడితే వదలడని.

దుకాణం ఒక షట్టర్ వెడల్పు. లోపల లైటు తలకిందులుగా బిగించి ఉంది. వెలుగు పని మీద కాకుండా వచ్చినవాడి ముఖం మీద పడుతుంది. పంకజ్ కళ్లు చికిలించాడు.

"వెలుతురుకే తిరిగి మాట్లాడు, పిలగా. ఏమైంది?"

"జర్రుమంటుంది కాకా. మోటా తార్ కొట్టినప్పుడు మస్తు అంటది."

"గదే తీగ కొట్టుకుంట ఉండు. ఆపకు."

పంకజ్ లావు తీగను మీటుతూనే ఉన్నాడు. ఆ కాకా ఓదెలే; సాంచెల పని పోయాక ఈ పని నేర్చుకున్నాడు. ముందుగా పెట్టె హ్యాండిల్ పట్టుకున్నాడు. తర్వాత వెనక చెక్క, జాలీ, మరలు, ఒక్కొక్కదాన్నీ అరచేత్తో నొక్కిపెట్టి చూశాడు. రెండు మరలు బిగించాడు. అంతసేపూ ఎడమచేతి వేళ్లు స్పీకరు అట్ట మీద, నాడి చూస్తున్నట్టు. ఒక్కసారి కూడా చెవి దగ్గర పెట్టలేదు. పెద్ద ఉస్తాదులు ఇట్లాగే చేస్తారు కాబోలనుకున్నాడు పంకజ్.

"ఇవి కావు. లోపలి లొల్లి" అని ఓదెలు పెన్సిల్ తీసుకుని, వెలుగుతున్న వాల్వులను ఒక్కొక్కటే మెల్లగా తట్టాడు. మొదటిది ఊరుకుంది. రెండోదాన్ని తట్టగానే స్పీకరులోంచి గంట కొట్టినట్టు మోగింది.

"గిదే దొంగ. వాల్వు పాతగైతే లోపలి తీగెలు వదులైతయ్. అప్పుడది పాట మోసుడు బందువెట్టి, చుట్టుముట్టు ఊగేది మొత్తం మోస్తది."

పెట్టె ఆపి, ప్లగ్ పీకి, బీడీ ఒకటి పూర్తిగా కాల్చాడు. పంకజ్ చెయ్యి పెట్టబోతే ఫట్టున కొట్టాడు.

"తీగ పీకంగనే కరెంటు పోయిందనుకుంటివా? లోపల కూసుంటది. మనిషి పాణం తీసేంత కూసుంటది."

ఒక చెయ్యి జేబులో పెట్టుకుని, రెండో చేత్తో మందపాటి తొడుగున్న తీగ ఆనించి లోపల దాక్కున్న కరెంటును దింపాడు. మోగిన చిన్న వాల్వును గుడ్డతో పట్టి, పక్కకు వంచకుండా, పాలపన్నులా మెల్లగా ఊపి తీశాడు. జతగా ఉండే పెద్దవి రెండిట్లో ఒకటి నల్లబడి ఉంది. ఒకటే పోయింది కదా, ఒకటే మార్చమన్నాడు పంకజ్.

"కొత్తదానికి పాతదాన్ని జతజేస్తే రెండు నాశనమైతయ్. మార్తే జత మార్చాలె." మార్చి, మళ్లీ మీటించి, స్పీకరు మీద వేళ్లు ఆనించి తల ఊపాడు. "అయిపాయె. ఎవరి పిలగానివి?"

"గైబీ నగర్ హనుమాండ్లు మనుమణ్ణి."

ఓదెలు చేతిలోని స్క్రూడ్రైవర్ కాసేపు ఆగింది. తర్వాత చివరి మర కూడా బిగించాడు.

పదిహేను రోజులకు పంకజ్ తిరిగొచ్చాడు. మళ్లీ జర్రు. దుకాణంలో పెట్టి వాయిస్తే ఏమీ లేదు. ఇంట్లో పెడితే వస్తోంది. ఓదెలు ముఖం ముడుచుకున్నాడు.

"ఇంట్ల ఏదన్న ఊగుతదా? ఫ్యాను, మోటరు?"

"లేదు కాకా. ఏకదమ్ శాంత్ ఉంటది."

"ఏ దినం రాదు?"

పంకజ్ ఆలోచించాడు. "శుక్రవారం రాదు. అరే, నిజంగనే శుక్రవారం రాదు!"

"మీ ఇల్లు కార్ఖానా మీదనే కద?"

"అవ్ను."

"ఇరవై నాలుగు సాంచెల మీద పండుకుంట శాంతిగ ఉంటది అంటివి!" ఓదెలు మొదటిసారి నవ్వాడు. భీవండి సాంచెలకు శుక్రవారం సెలవు. పుట్టింది మొదలు ఆ చప్పుడు మీద పడుకున్నవాడికి అది చప్పుడే కాదు. ఓదెలు అంతలోనే నవ్వు ఆపేశాడు. "సాంచెలు ఎప్పుడూ నడుస్తనే ఉన్నయ్. మరి గీ జర్రు కొత్తగ ఎందుకొచ్చింది?"

"గది నాకెట్ల తెలుస్తది? తాత అయితే తిట్టిండు. ఓదెలుకు చెవులు ఇనవడయ్, చెవిటోనికి బాజా ఎందుకిచ్చినవ్‌రా అన్నడు" అని నవ్వాడు పంకజ్, తానేదో సరదా మాట మోసుకొచ్చినట్టు.

ఓదెలు లేచాడు. గూట్లోంచి నున్నగా అరిగిన పాత నాడె ఒకటి తీసి చంకలో పెట్టుకుని షట్టర్ దించాడు. "నడువు. మీ ఇంటికి."

గేటు దగ్గర స్టూలు మీద ఉన్న పర్శరాములు, వచ్చింది ఎవరో చూసి లేచి నిలబడ్డాడు. ఓదెలు అతని ముఖంలోకి చూడకుండా పక్క మెట్లెక్కి పైకి వెళ్లాడు. యాంప్లిఫయర్ ఎప్పుడూ ఉండే చోట పెట్టించి, స్విచ్ వేయించలేదు. ప్లగ్ కూడా పెట్టనివ్వలేదు. వట్టి నేల మీద మోకాళ్లూని, నాడె ఉక్కుమొన బండకు ఆనించి, రెండో కొనను పళ్ల మధ్య కరిచి, కళ్లు మూసుకున్నాడు.

పంకజ్ నోరు తెరుచుకుని చూశాడు.

ఓదెలు రెండడుగులు జరిగాడు. మళ్లీ కరిచాడు. ఇంకో అడుగు. "ఇటు రా. పండ్లతోని పట్టు."

పంకజ్ కరిచాడు. దవడ ఎముకలోకి సాంచ ఎక్కింది. టక్, టక్, టక్. ఏ మూడో దెబ్బకో ఒక సన్నని జర్రు. తన స్పీకరులో వస్తున్నది అదే! ఆరు వారాలుగా వాల్వులను తిట్టాడు, తీగలు మార్చాడు. నిజానికి వాల్వు కింది సాంచ మాటనే పైకి మోస్తోంది.

"గోడ పొంటి మూడోది" అన్నాడు ఓదెలు, నేలవైపే చూస్తూ. "కట్టె కాడ ఇనుము పగుల్తున్నది. మల్ల గదే. ఆపుమను."

"కాకా, ఎట్ల తెలిసింది?"

జవాబు లేదు. ఓదెలు అటు తిరిగి నేలను తడుముతున్నాడు.

"కాకా! ఓ కాకా!"

లేదు. పంకజ్ కంగారులో వెనక్కి జరిగితే, చెయ్యి తగిలి ఇనుప రేకు ఒకటి బల్ల మీద నుంచి పడి బండ మీద ఫెళ్లుమంది. పంకజే ఎగిరిపడ్డాడు. మూడడుగుల దూరంలో ఉన్న ఓదెలు భుజమైనా కదల్లేదు.

వాడికి అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ముఖం మీద పడే ఆ లైటు. స్పీకరు మీద ఆ వేళ్లు. ఈ ఊళ్లో సాంచెల మధ్య ఎవరి మాటా ఎవరికీ వినబడదు. అందరూ పెదవులు చూసి, చేతులు చూసి బతుకుతారు. అట్లాంటి ఊళ్లో ఒక మనిషికి చెవులు పూర్తిగా పోయినా ఎవరికీ తెలియదు.

మెట్లు ఎట్లా దిగాడో తెలియదు. కార్ఖానా తలుపు దగ్గర కుర్చీలో తాత ఉన్నాడు.

"తాతా, గోడ పొంటి మూడో సాంచ ఆపు! పగుల్తున్నదట!"

"ఎవడు చెప్పిండు?"

"ఓదెలు కాక."

"చెవిటోడా?" హనుమాండ్లు కడుపు ఊగేలా నవ్వాడు. "నూలు రేపటికి అయిపోతది. రేపు జూద్దాం పో."

పంకజ్ ఆగలేదు. సాంచెల మధ్యగా ఉరికి, మూడోదాని పిడి తానే లాగాడు. నేసే రాంప్రసాద్ తిట్టబోయి సేటు మనవడని ఆగాడు. పంకజ్ చెప్పగా పాన తెచ్చి కట్టె దగ్గర కప్పు విప్పాడు. ఇనుము నిలువునా పగిలి ఉంది. గోరంత మందం తప్ప ఏమీ మిగల్లేదు. ఆ నాడె ఎగిరితే పోయే దారిలో పొద్దుటి నుంచీ ఉన్నది రాంప్రసాద్ ముఖం. అతను అక్కడే నేల మీద కూలబడి రెండు చేతులతో కళ్లు మూసుకున్నాడు.

హనుమాండ్లు కుర్చీలోంచి లేచి వచ్చాడు. పర్శరాములు కూడా గేటు వదిలేసి వచ్చాడు. ఉన్న ఒక్క కంటితో ఆ పగులును చూశాడు, వేలు పెట్టి తడిమాడు.

"గానాడు గూడ చెప్పిండు సేటూ" అన్నాడు. "పదకొండో దాన్ని ఆపుమన్నడు. నేను ఇన్న. నాకు యాదికున్నది."

పక్క సాంచెల వాళ్లు కూడా ఒక్కొక్కరే పిడులు లాగారు. శుక్రవారం కాని రోజు గైబీ నగర్‌లో ఆ కార్ఖానా అంత నిశ్శబ్దంగా ఉండటం పంకజ్ ఎప్పుడూ చూడలేదు. ఓదెలు మెట్ల దగ్గర నిలబడి పర్శరాములు పెదవులు చూశాడు. తర్వాత సేటును చూశాడు.

హనుమాండ్లు అటు తిరిగాడు. ఆగిపోయిన సాంచ మీద చెయ్యి వేసి, దానితో చెబుతున్నట్టు, "తప్పయింది" అన్నాడు. వీపు ఓదెలు వైపే ఉంది. ఓదెలు ఇంకాస్త సేపు ఆ వీపును చూసి, నాడెను చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు.

పంకజ్‌కు ఆ వారమంతా తాత పక్కన కూర్చోవాలంటే ఎట్లానో ఉంది.  పర్శరాములును అడిగి పంతొమ్మిదేళ్ల కథంతా చెప్పించుకున్నాడు. ఓదెలు చేతిలోని నాడె ఆనాడు తన కంట్లో దిగినదేనని కూడా అతనే చెప్పాడు. ఆదివారం పంకజ్ అంజూర్ ఫాటాకు వెళ్లాడు. ఓదెలు సామాన్లు టెంపోలోకి ఎక్కిస్తున్నాడు. దుకాణం స్థలంలో కొత్త బిల్డింగు లేస్తోందట. పక్కనున్న కల్యాణ్ ఊరికి పోతున్నాడు. పంకజ్ ఈసారి తానే వెళ్లి వెలుతురుకు ఎదురుగా నిలబడ్డాడు.

"కాకా, గారోజు తాత తప్పయింది అన్నడు. నీకు ఇనవడలే. నేను ఇన్న."

ఓదెలు వాడి పెదవుల మీద నుంచి చూపు తీయలేదు. నాడెను గుడ్డలో చుట్టి డబ్బాలో పెట్టాక అన్నాడు:

"చెవిటోడన్న నాడు నా మొఖం జూసే అన్నడు బిడ్డా. గిది గూడ మొఖం జూసే అనుమను, నేను పెదవులు చదువుకుంట. ఇప్పుడు నాకు నిజంగనే ఇనవడది. గానాడు మాత్రం మంచిగ ఇనవడుతుండె."