బూడిదరంగు డబ్బా కింద గీసిన గీత

అనంతపురం జిల్లాలో వాన రాకూడదని ఎవరైనా మొక్కుకుంటారా? నేను మొక్కుకున్నాను. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, ఒక జూన్ నెలలో, పదకొండు రోజులు వరసగా మొక్కుకున్నాను. పొద్దున లేవగానే మిద్దె ఎక్కి ఆకాశం చూసేవాణ్ని. మబ్బు లేకపోతేనే కాఫీ దిగేది.

అప్పట్లో నేను పని చేసిన చిన్న కార్ఖానాలో రైతుల బోరు మోటార్లకు ఆటో స్టార్టర్లు చేసేవాళ్లం. త్రీ ఫేజు కరెంటు ఏ వేళకు వస్తుందో దేవుడికే తెలియదు కాబట్టి, వచ్చిన వెంటనే మోటారును తనంతట తానే తిప్పే ఇనుప పెట్టె అన్నమాట. దాని లోపలి సర్క్యూట్ బోర్డును కంప్యూటర్లో గీసేది నేను. మా యజమానిని అందరం అన్నా అనే పిలిచేవాళ్లం.

ఆ ఏడు బెంగళూరు కంపెనీ ఒకటి కొత్త విడిభాగం అమ్మింది. దాని బొమ్మను ఫ్లాపీలో ఎన్‌క్రిప్ట్ చేసి, అంటే తాళం వేసి, పంపింది. ఆ బొమ్మను మా డిజైన్‌లోకి దించుకోవచ్చు, దాని కాళ్లకు గీతలు కలపవచ్చు, కానీ తెరిచి చూడలేం. తెర మీద ఉత్త బూడిదరంగు డబ్బాలా కనిపించేది. బోర్డులు ముద్రించి, ఆ భాగాన్ని అతికించి పంపేదీ వాళ్లే, తాళంచెవి ఉన్నదీ వాళ్ల దగ్గరే. నా ఇంట్లో పెట్టుకున్న బీరువాను నేనే తెరవకూడదంటే ఎలా ఉంటుంది? నాకు ఒళ్లు మండేది. కానీ దానివల్ల నా పని సగం తగ్గింది, అందుకే నోరు మూసుకున్నాను.

ఇనుప పెట్టె చిన్నది, బోర్డులో చోటు చాలలేదు. మెయిన్ కరెంటు గీతను ఎటు తిప్పినా ఏదో ఒకటి అడ్డొచ్చింది. బూడిదరంగు డబ్బా కింద మాత్రం ఖాళీగా కనిపించింది. గుడ్డెద్దు చేలో పడ్డట్టు ఆ గీతను దాని కిందుగా లాగేశాను. తప్పులు వెతకమని సాఫ్ట్‌వేర్‌కు చెబితే, ఒక్కటీ లేదంది. తాళం వేసిన చోట అది వెతకనే వెతకదని నాకప్పుడు తెలియదు. మా కార్ఖానాలో ఇంకో అలవాటు ఉండేది. డిజైన్‌ను అసలు సైజులో కాగితం మీద ముద్రించి, థర్మోకోల్ ముక్క మీద పరిచి, నమూనాకు వచ్చిన విడిభాగం కాళ్లను అందులో గుచ్చి చూసేవాళ్లం. కాళ్లన్నీ సరిగ్గా దిగితే బోర్డు మంచిదే అని మా నమ్మకం. అన్నీ దిగాయి. ఆరు స్టార్టర్లు ఊళ్లకు పోయాయి.

మా దగ్గర మిగిలిన ఏడో బోర్డులో ఆ బెంగళూరు భాగం కాలు ఒకటి విరిగితే దాన్ని ఊడదీశాను. కింద చూస్తే, తాళం వేసిన బొమ్మలో దాగి నేనెన్నడూ చూడని రాగి రేకు! అది మరమేకు బిగించే రంధ్రానికి, అంటే ఇనుప పెట్టెకు కలిసి ఉంది. నా కరెంటు గీతకూ దానికీ మధ్య వెంట్రుకంత సందు. టెస్టర్ పెట్టాను, ముల్లు కదల్లేదు. బోర్డు మీద నోటితో ఆవిరి ఊదాను. ముల్లు కదిలింది.

పొడి గాలిలో ఆ పెట్టెలు నిక్షేపంగా ఉంటాయి. తేమ తగిలితే మాత్రం ముట్టుకున్నవాడికి కరెంటు కొడుతుంది. ఎర్తు తీగ పాతిన గుంతలో నీళ్లు పోసి తడిగా ఉంచితే కొంత రక్షణ. తాగే నీళ్లకే బిందెలు వరసలో పెట్టే చోట గుంతలో ఎవరు పోస్తారు?

అన్న బోర్డును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"కొత్త బోర్డులు తెప్పిస్తా. అంతవరకు ఎవురికీ ఏమీ చెప్పొద్దు. మంచి రకం వచ్చిందని చెప్పి మార్చుకోని రా. తెలిసిందంటే మన పెట్టె ఎవుడు కొంటాడు?" అన్నాడు.

నేను తలూపాను. భయపడ్డానని చెప్పుకుంటే ఇప్పుడు బాగుంటుంది కానీ, నా తప్పు బయటపడదని లోపల కాస్త సంతోషించాను కూడా.

బోర్డులు రావడానికి ఎనిమిది రోజులు పట్టింది. ఐదు పెట్టెలు రెండు రోజుల్లో మార్చేశాను. ఆరోది కుందుర్పి దగ్గర ఒక చీనీ తోటలో, అంటే బత్తాయి తోటలో, ఉంది. నేను దిగేసరికి మధ్యాహ్నం దాటింది, పడమట మబ్బు నల్లగా కమ్ముకుంటోంది. మోటారు తిరుగుతోంది. రైతు కాలువ గట్టున పార పట్టుకుని ఉన్నాడు. ఆయన భార్య నన్ను చూసి నవ్వింది.

"నువ్వొచ్చిన గడియ మంచిదప్పా, మోడం పట్టుకొచ్చినావు."

"బోర్డు మార్చల్లన్నా. మంచి రకం వచ్చిండాది. ఒక్క గంట మోటారు ఆపితే..." అన్నాను రైతుతో.

"ఇప్పుడా?" అన్నాడు రైతు. "మూడు దినాలకు వచ్చిండాది కరెంటు. చెట్లు ఎండిపోతాండాయి. ఇదే బాగుండాది కదా, రేపు పొద్దున మారుస్తువులే."

"వాన వచ్చేట్టుందన్నా..."

"వాన రాకడ, పానం పోకడ ఎవురికి తెలుసప్పా? వస్తే రానీ. ఈడనే పండుకో, అన్నం తిందువు."

చెప్పేయాలని నోటిదాకా వచ్చింది. కార్ఖానాలో అన్న ముఖం గుర్తొచ్చింది, ఆ గీత గీసిన నా చెయ్యి గుర్తొచ్చింది. రాత్రికి ఆగితే నోరు జారతానని భయపడి, కల్యాణదుర్గంలో పని ఉందని అబద్ధం చెప్పి బస్సెక్కాను. సగం దారిలో చినుకులు మొదలయ్యాయి. బస్సులో అందరూ కిటికీల్లోంచి చేతులు చాపి కేకలు వేశారు. నేను తల వంచుకుని కూర్చున్నాను. అప్పుడైనా దిగి వెనక్కి పోవచ్చు. పోలేదు.

పొద్దున మొదటి బస్సుకు వెళ్లాను. తోటంతా తడిసి, మట్టి వాసన కమ్మగా వస్తోంది. రైతు భార్య ఒక్కతే స్టార్టర్‌కు దూరంగా గట్టు మీద కూర్చుని ఉంది. వాన పడుతుంటే మోటారు ఆపుదామని ఆయన పెట్టె మీద చెయ్యి వేశాడట. పక్క చేను మనిషి కట్టెతో కొట్టి విడిపించాడట. పానం నిలిచింది కానీ కుడి చేతికి మూడు వేళ్లు తీసేయాలన్నారట ఆస్పత్రిలో. ఆమె ఆయన గుడ్డలు తీసుకుపోవడానికి వచ్చింది.

అప్పుడు చెప్పాను. డబ్బా, దాని కింద గీత, మా యజమాని చెప్పిన మాట, నా అబద్ధం, అన్నీ. తిడుతుందనుకున్నాను. ఆమె నా చేతిలోని కొత్త బోర్డు వైపు చూసింది.

"ఎందుకు మార్చల్లనో నిన్ననే చెప్పింటే, నేనే మోటారు ఆపిచ్చింటా కదప్పా" అంది.