ఇంకా నేయని పువ్వు

మా ఇంటి మగ్గం మీద చెయ్యేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరమూ నిజం. మా ఊళ్లో నా మాటకున్న విలువ మీకు తెలియదు కాబట్టి ఈ ఒట్టు పనిచేస్తుందనే నా నమ్మకం. తెలిసినవాళ్లు ఈపాటికే నవ్వడం మొదలుపెట్టి ఉంటారు.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను నార్కట్‌పల్లి అవతల ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అటెండర్‌ని. కటకాలు తుడవడం, లోలకాలకు దారాలు కట్టడం, పగిలిన గాజు గొట్టాలకు సంజాయిషీ చెప్పుకోవడం నా ఉద్యోగం. ఇంట్లో మాది చిటికి నేత. బట్ట నేశాక దాని మీద పువ్వులు అద్దేవాళ్లం కాదు మేము. నేయకముందే నూలుకు పువ్వు పెడతాం. గ్రాఫు కాగితం మీద బొమ్మ గీసుకుని, గళ్లు లెక్కపెట్టి, రంగు అంటకూడని చోటల్లా పాత సైకిల్ ట్యూబు ముక్కలతో నూలును బిగించి కట్టి, రంగులో ముంచుతాం. ఆ నూలును వరస తప్పకుండా కండెలకు చుట్టుకుని నేస్తాం. పొద్దున్నే కట్టు కట్టి, కండెలు చుట్టివ్వడం నా వంతు. నేయడం నా భార్య వంతు.

ఒకరోజు ల్యాబ్‌లోనే ఫిజిక్స్ సార్ కాలం గురించి పాఠం చెబుతున్నాడు. నాకంటే చిన్నవాడు, బాగా చదువుకున్నవాడు. గడిచిందీ నడుస్తున్నదీ రాబోయేదీ అంతా ఒక్కసారే ఉన్నదని కొందరు శాస్త్రవేత్తల ఊహ అట. కాలం పారదు, పారుతున్నట్టు మనకు తోస్తుందంతే. రేపు కూడా ఇప్పటికే ఎక్కడో ఉంది, మనమే ఇంకా అక్కడికి చేరలేదు. వెనక స్టాండ్లు సర్దుతున్న నాకు నోరు ఆగలేదు.

"సార్, గది మా ఇంట్ల ఎప్పటిసందో ఉన్నది."

క్లాసంతా ఘొల్లున నవ్వింది.

"ఏముంది మీ ఇంట్లో?" అన్నాడు సార్.

"రేపు, సార్."

రంగు సరిగ్గా ఎక్కలేదేమోనని రంగులు అమ్మే ఆయనకు చూపించడానికి తెచ్చిన నూలు నా టిఫిన్ సంచిలో ఉంది. తీసి బల్ల మీద పరిచాను. ఎర్రటి నూలు, నడుమ నడుమ తెల్లటి మరకలు.

"గీ మరకలే పువ్వు సార్. ఇంక నెయ్యలే, గందుకే కనవడ్తలేదు. మా ఇంటామె నేస్తాంటె పోగు ఎంబడి పోగు బయటికొస్తది. పువ్వు అప్పుడు పుట్టదు, అప్పుడు కనవడ్తది. గంతే."

అక్కడ ఆపితే పెద్దమనిషినైపోదును.

"కని మీరు చెప్పిందాంట్ల ఒక్కటి తక్కువున్నది సార్. పువ్వు ముందుగాల్నే ఉంటది, దాని అంచు ఉండదు. ప్రతి పోగును జర అటో ఇటో గుంజి కుదరవెట్టాలె. ఎంత గుంజాల్నో నూలుకు తెల్వది, గ్రాఫుకు తెల్వది. నేసేటామెకు గూడ చెయ్యి వెట్టేదాంక తెల్వది."

మా బట్ట చూసినవాళ్లకు తెలుసు, పువ్వు అంచు కత్తెరతో కోసినట్టు ఉండదు, కొద్దిగా చెదిరి ఉంటుంది. ఆ చెదిరినంత జాగానే మనిషి చేతిలో ఉందని నా సిద్ధాంతం. నాకది చాలు.

"ఊహ బాగానే ఉంది. కానీ సైన్స్‌కు లెక్క కావాలి. ఉందా నీ దగ్గర?" అన్నాడు సార్.

"మా బాపుకు సంతకం రాదు సార్. వేల పోగులు వేళ్లతోనే లెక్కవెట్టి కట్టిండు. ఒక్కటి తప్పినా పువ్వు రెండు ముక్కలైతది. గంతకంటె నికార్సైన లెక్క ఏడుంటది?"

ఆ ఊపులో ఇంకొకటి కూడా వదిలాను. ఒకసారి కండెల వరస తారుమారు చేసి ఇచ్చాననీ, పువ్వు తల కాడకంటే కిందికి దిగిందనీ, ఆ వారం మా ఇంట్లో మంగళవారం కంటే ముందు శుక్రవారం వచ్చిందనీ.

మూడోనాడు ప్రిన్సిపాల్ పిలిచాడు. అటెండర్ మూఢనమ్మకాలు నూరిపోస్తున్నాడని ఫిర్యాదు. చెప్పిందంతా తప్పని రాసి సంతకం పెట్టాలి, లేదంటే పనిలోకి రావద్దు. "ఒక్క కాగితమేనయ్యా, రాసి పారెయ్యి," అన్నాడు మంచిగానే. చదువుకున్నవాడు ఊహిస్తే సిద్ధాంతం, నేతపనివాడు ఊహిస్తే మూఢనమ్మకం. నా ఒళ్లు మండింది. కానీ ల్యాబ్ అంటే నాకు ప్రాణం. ఆ గదిలో ఉంటేనే ఇలాంటి మాటలు నా చెవిన పడతాయి.

ఇంటికొచ్చి చెప్పాను. నా భార్య మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తోంది. చేయి ఆపలేదు.

"శుక్రారం ముచ్చట గూడ చెప్పినవా ఆళ్లకు?"

"చెప్పిన."

"సిగ్గు లేదయ్యా నీకు. కండెలు కలిపింది నువ్వు, మూడు దినాలు పోగులు ఇప్పుకుంట కూసున్నది నేను. శుక్రారం రాలే, నా నడుం పోయింది."

"మరి సంతకం వెట్టాల్నా?"

"అవద్దానికి వెట్టు. మగ్గానికి వెట్టకు." రెండు పోగులు నేసి మళ్లీ అంది, "పువ్వు ముందుగాల్నే ఉన్నదంటె నేనూ ఒప్పుకోను. నేను గుంతల దిగకుంటె అది ఉత్త మరకనే."

మర్నాడు ప్రిన్సిపాల్ ముందే కూర్చుని రాశాను. "మంగళవారం కంటే ముందు శుక్రవారం రాలేదు. అది అబద్ధం, క్షమించగలరు. పువ్వు నేయకముందే నూలులో ఉంటుందనీ, దాని అంచు నేసేవారి చేతిలో ఉంటుందనీ చెప్పిన మాట మాత్రం వెనక్కి తీసుకోను. అనుమానముంటే మా ఇంటికి వచ్చి చూడగలరు." కింద సంతకం పెట్టాను.

ఆయన రెండుసార్లు చదివాడు. "గింత పొగరా?"

"గింత నిజం సార్."

ల్యాబ్ తాళాలు బల్ల మీద పెట్టమన్నాడు. పెట్టి వచ్చేశాను. అప్పటి నుంచి నేనూ నేస్తున్నాను, మా ఇంట్లో రెండు మగ్గాలు ఆడుతున్నాయి. నా సిద్ధాంతం మీద నాకూ నా భార్యకూ ఈ రోజుకీ రాజీ కుదరలేదు.

ఇందులో ఒక్కచోట కల్పించాను. క్లాసు నవ్వలేదు. నలుగురు నన్ను చూసి నవ్వారంటే మీరు నా పక్షానికి వస్తారని నేనే నవ్వించాను. నిజానికి అందరూ లేచి బల్ల దగ్గరికి వచ్చి నూలు ముట్టుకుని చూశారు. ఒక అమ్మాయి పోగు చేతిలోంచి వదలకుండానే సార్‌ను అడిగింది, "మరి మన రేపును నేసేదెవరు సార్?"

సార్‌కు తెలియదు. నాకూ తెలియదు. నేను తెలియదన్నాను. ఆయన పీరియడ్ అయిపోయిందన్నాడు. గంట కొట్టడానికి ఇంకా ఇరవై నిమిషాలున్నాయి.