గోల్డ్ కార్డుకు మూడు రాత్రులు తక్కువ

హోటల్లో పడుకున్నందుకు మనిషికి హోదా ఇస్తారని ఉద్యోగంలో చేరేదాకా నాకు తెలియదు. తొంభైల మధ్యలో, ఆస్పత్రుల్లో స్కానింగ్ మిషన్లు బాగుచేసే కంపెనీలో సర్వీసు ఇంజనీరుగా చేరాను. మిషన్ ఆగితే ఆస్పత్రివాళ్లు గంటసేపు కూడా ఊరుకోరు. నాగ్‌పూర్, రాయ్‌పూర్, ఔరంగాబాద్, విశాఖపట్నం, ఎక్కడ ఏది మొరాయిస్తే అక్కడికి నన్ను రైలెక్కించేవారు. కంపెనీకి ఒక హోటళ్ల సంస్థతో ఒప్పందం ఉండేది. ఏ ఊరెళ్లినా వాళ్ల హోటల్లోనే దిగాలి. ఏడాదిలో ఇరవై రాత్రులు వాళ్ల దగ్గర పడుకుంటే సిల్వర్ కార్డు, యాభై పడుకుంటే గోల్డ్. జనవరి రాగానే లెక్క మళ్లీ సున్నా నుంచి మొదలు. అంటే ఈ ఏడాది ఎంత తిరిగి చచ్చినా వచ్చే ఏడాది మళ్లీ చావాల్సిందే.

నేను వరసగా ఐదేళ్లు గోల్డ్ నిలబెట్టుకున్నాను. ఆరో ఏడు వదిలేశాను. ఆ ఐదో ఏడు దాన్ని ఎట్లా నిలబెట్టుకున్నానో చెప్పడానికి ఇప్పటికీ మొహం చెల్లదు.

ఇంతా చేసి ఆ కార్డు ఇచ్చేదేమిటి? రిసెప్షన్లో వేరే వరస. గదిలో పళ్లెం నిండా కాదు, పళ్లెంలో ఒక మూలకు రెండు యాపిల్ పళ్లు. పొద్దున్నే తలుపు కింద నుంచి ఇంగ్లీషు పేపరు. ఇవేవీ నాకు అక్కర్లేదు. యాపిల్ పళ్లు బ్యాగులో వేసుకుని తెచ్చి ఇంట్లో ఇచ్చేవాణ్ని. నాకు కావలసింది రెండే. బ్యాగు చేత్తో పట్టుకుని, గ్రీజు మరకల చొక్కాతో లోపలికి అడుగుపెట్టగానే కౌంటర్ వెనక మనిషి లేచి నిలబడి "వెల్‌కమ్ బ్యాక్ సర్" అనడం ఒకటి. ఆ తర్వాత చప్పుడన్నది లేని గదిలో నిద్రపోవడం రెండోది. ఆఫీసులో నన్ను సర్ అనేవాడు లేడు. ఇంట్లో నిద్ర లేదు.

ఉప్పుగూడలో, రైల్వే స్టేషన్‌కు దగ్గర్లోనే మా ఇల్లు. ముందు రెండు గదులు, వెనక రేకుల కొట్టంలో తొమ్మిది బర్రెలు. తాతల నాటి నుంచి మాది పాల వ్యాపారం. తెల్లవారుజామున మూడున్నరకు బాపు లేచాడంటే ఇల్లంతా లేచినట్టే. లైటు, దగ్గు, పెండ ఎత్తే పార నేలకు గీసుకునే చప్పుడు. మా పెళ్లయ్యేనాటికే అమ్మ లేదు. అమ్మ చేసిన పనంతా నా భార్య మీద పడింది. పొద్దున పిండడం, సాయంత్రం పిండడం, దాణా, కుడితి, మధ్యలో వంట, పిల్ల బడి. నేను చదువుకున్నవాణ్ని కాబట్టి నన్నెవరూ బర్రెల జోలికి పిలిచేవారు కాదు. నేను మంచం మీద అటూ ఇటూ దొర్లుతూ, ఈ కొంపలో మనిషన్నవాడు కన్ను మూయగలడా అని విసుక్కునేవాణ్ని. లేచి పనిచేస్తున్నవాళ్ల మీద పడుకున్నవాడు విసుక్కోవడమేమిటన్న ఇంగితం అప్పట్లో నాకు లేదు.

కార్డుకు దరఖాస్తు రాసేటప్పుడు ఆఫీసు అడ్రసు కాకుండా ఇంటి అడ్రసు ఇచ్చాను. అది కేవలం డాబు కోసం. మూడు నెలలకోసారి నున్నటి పొడుగాటి కవరు వచ్చేది. ఏ రాత్రి ఏ ఊళ్లో, ఏ హోటల్లో పడుకున్నానో వరసగా అచ్చేసి ఉండేది. మా గల్లీలో కరెంటు బిల్లు తప్ప వేరే కాగితం వచ్చే ఇల్లు తక్కువ. పోస్ట్‌మన్ గల్లీ మొదట్లోనే సైకిల్ దిగి, "గోల్డ్‌వాలే భాయ్‌కా ఖత్ ఆయా" అని నాకు ఉత్తరమొచ్చిన సంగతి అందరికీ వినబడేలా కేకేసేవాడు. బాపు ఆ కవరును కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసి, చదవడం రాకపోయినా తృప్తిగా తలాడించేవాడు. నా భార్య వాటిని విప్పేది కాదు. కంపెనీ కాగితాలనుకుని బీరువాలో చీరల కింద భద్రంగా పెట్టేది.

ఐదో ఏడు కంపెనీ నాగ్‌పూర్‌లో ఒక ఇంజనీరును పెట్టుకుంది. నా టూర్లు సగం పడిపోయాయి. డిసెంబరు చివరికొచ్చేసరికి నా లెక్క నలభై ఏడు దగ్గర ఆగిపోయింది. ఇంకో మూడు రాత్రులు. అవి దొరక్కపోతే జనవరి నుంచి నేను మళ్లీ మామూలు వరసలో నిలబడాలి. ఎక్కడైనా మిషన్ ఆగిందా అని మేనేజర్ గదిలోకి రోజుకు రెండుసార్లు తొంగిచూశాను. ఆయన భీమవరం వైపు మనిషి. మూడోరోజు తల ఎత్తి, "ఏంటయ్యా, మిషన్లు పాడైపోవాలని మొక్కుకుంటున్నావా ఏంటి?" అన్నాడు. నవ్వి వచ్చేశాను కానీ నిజంగా మొక్కుకున్నంత పనీ చేశాను.

చివరికి నాకు తట్టిన ఉపాయం చెబుతాను. అదే సంస్థ హోటల్ మన ఊళ్లో కూడా ఉంది, మూసీకి అవతల. మూడు రోజులు సెలవు పెట్టి, సొంత డబ్బుతో అక్కడ గది తీసుకుంటే సరి. ఈ మాట ఇంట్లో చెబితే ఎవరికి అర్థమవుతుంది? ఇల్లుండగా, అదే ఊళ్లో పడుకోవడానికి గది తీసుకున్నాడంటే గల్లీ గల్లీ నవ్విపోదూ! అందుకని నాగ్‌పూర్ టూరని చెప్పి బ్యాగు సర్దుకున్నాను.

నా భార్య కొట్టంలోంచి వచ్చి గడపలో నిలబడింది.

"బాపుకు రాత్రి నుంచి పెయ్యి కాలుతున్నది. చూడిబర్రె ఇయ్యాల్నో రేపో ఈనేటట్టున్నది. రెండు దినాలాగి పోరాదా?"

"అక్కడ మిషన్ ఆగింది. పేషెంట్లు లైన్ల కూసున్నరు. ఎట్లాగుతా?" అన్నాను.

"గట్లయితే పో. ఫికర్ జెయ్యకు, నేను జూసుకుంట" అంది. లేని పేషెంట్ల మీద కూడా ఆమెకు జాలి కలిగింది.

హోటల్లో కౌంటర్ దగ్గరి అమ్మాయి నా అడ్రసు చూసి, "ఈ ఊరేనా సర్?" అంది. ఇంటికి రంగులు వేయిస్తున్నామని చెప్పాను. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు. మొదటి రోజు సాయంత్రం ఆరింటికి నడుం వాల్చి మర్నాడు ఎనిమిదింటికి లేచాను. ఒళ్లు తేలికపడింది. ఆ సుఖం అంతవరకే. రెండో రోజు ఏం చేయాలో తోచలేదు. టీవీ చూశాను, టీ తాగాను, ఎవరైనా తెలిసినవాళ్లు కనబడతారేమోనని లాబీలోకి కూడా దిగలేదు. మూడో రోజు, ఇంటికి ఫోన్ చేస్తే వెనక నుంచి ట్రాఫిక్ చప్పుడు వినబడుతుందేమోనని కిటికీ మూసి చేశాను. బాపుకు జ్వరం తగ్గలేదంది. అప్పుడే ఆటో ఎక్కితే గంటలో ఇంట్లో ఉండేవాణ్ని. ఇంకొక్క రాత్రి చాలు కదా అనుకున్నాను. అనుకుని, ఉన్నాను.

నాగ్‌పూర్ వెళ్లినప్పుడల్లా సంత్రాలు తేవడం నాకు అలవాటు. ఈసారి దారిలో పండ్ల బండి దగ్గర ఆటో ఆపించి మూడు కిలోలు తీసుకున్నాను. ఇంటికెళ్లేసరికి కొట్టంలో కొత్త దుడ్డె, వణుకుతూ నిలబడి ఉంది. దూడ కాలు మడతపడి అడ్డం తిరిగిందట. పక్కింటివాళ్లిద్దరిని పిలుచుకుని నా భార్యే దాన్ని బయటికి లాగింది. ఆ తర్వాత బాపును రిక్షాలో ఎక్కించుకుని డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది. ఆమె కళ్లు ఎర్రగా ఉన్నాయి. మోచేతుల దాకా గీసుకుపోయిన గీతలు.

"నాగ్‌పూర్‌ల చలెట్లుంది?" అంది.

"మస్తు చలి."

"గందుకే మొఖం గిట్ల ఉబ్బింది. నీళ్లు కాగబెట్టిన, తానం జెయ్."

నా మొహం ఉబ్బింది నిద్రతో. ఆ వేడినీళ్లు ఒంటి మీద పోసుకుంటుంటే నా మీద నాకే అసహ్యం వేసింది. బాపు దుప్పట్లోంచి చెయ్యి చాపి సంత్ర తొన నోట్లో వేసుకుని, "ఎంతైనా నాగ్‌పూర్ కాయ నాగ్‌పూర్ కాయనే, బిడ్డా" అన్నాడు. కాయలు నాగ్‌పూర్‌వే. ఆ ఇంట్లోకి ఆ రోజు నాగ్‌పూర్ నుంచి వచ్చింది అవే.

ఫిబ్రవరిలో రాయ్‌పూర్ నుంచి తిరిగొచ్చేసరికి మంచం మీద పొడుగాటి కవరు విప్పి ఉంది. లోపల కొత్త గోల్డ్ కార్డు, దానితో పాటు రాత్రుల పట్టీ. ఈసారి కవరు గట్టిగా తగిలితే లోపలేముందోనని నా భార్య విప్పిందట. ఆమె పదో తరగతి దాకా చదివింది. ఊళ్ల పేర్లు చదవడానికి అంతకంటే అక్కర్లేదు.

"డిసెంబర్‌ల నువ్వు నాగ్‌పూర్ పోలే" అంది.

అరుస్తుందనుకున్నాను. ఎవతె అని నిలదీస్తుందనుకున్నాను. అప్పుడు చెప్పాల్సిన జవాబు కూడా తయారుచేసుకుంటున్నాను.

"ఒక్కనివే ఉన్నవా?"

"ఒక్కణ్నే. బాపు మీదొట్టు."

"ఏం జేసినవ్?"

"పండుకున్న."

ఆమె నమ్మింది. వెంటనే నమ్మింది. అంతకంటే పెద్ద దెబ్బ నాకు ఇంకోటి లేదు. పట్టీ మడిచి కవరులో పెడుతూ అడిగింది.

"గా రూంల ఎన్ని మంచాలుంటయ్?"

"రెండు."

"రెండోదాని మీద ఎవరు పండుకున్నరు?"

"ఎవ్వరు లేరు. బ్యాగు పెట్టిన."

"బ్యాగు నసీబు మంచిది" అంది. "నాకు జెప్తే నేనుగూడ రాకపోదునా? నేను కండ్ల నిండ పండుకోక పదకొండేండ్లాయె."

లేచి కొట్టంలోకి వెళ్లిపోయింది. సాయంత్రం పాల వేళయింది.

గోల్డ్ వాళ్లకు ఏడాదికి ఒక రాత్రి ఉచితమని ఆ కవరులోనే ఒక కాగితం ఉంది. రమ్మంటే మొదట ఒప్పుకోలేదు. "బర్రెలకేం జెప్పి రావాలె?" అంది. జల్‌పల్లి నుంచి మా చెల్లెను, బావను పిలిపించి, ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున పాలు పిండే పని వాళ్లకు అప్పజెప్పి, చివరికి ఒక మధ్యాహ్నం ఆటో ఎక్కించాను. కౌంటర్ దగ్గర మళ్లీ "వెల్‌కమ్ బ్యాక్ సర్" అన్నారు. ఆమె ముందు ఆ మాట వినడానికి సిగ్గేసింది.

గదిలో ఆమె ఏదీ చూడలేదు. కిటికీ తెర జరిపి బంజారా కొండలు చూపిస్తానన్నాను. "తర్వాత జూస్త తియ్" అని చెప్పులు విప్పి, పరుపు చేత్తో ఒత్తి చూసి, పక్కకు తిరిగి పడుకుంది. నేను తెప్పించిన టీ వచ్చేసరికి నిద్రలో ఉంది. రాత్రి భోజనానికి లేవలేదు. మూడున్నరకు మాత్రం ఎవరో పిలిచినట్టు లేచి కూర్చుంది. ఏం లేదు, పండుకో అంటే వెంటనే వాలిపోయింది. పొద్దున టిఫిన్ వేళ దాటిపోయింది. బతికున్నదా లేదా అని రెండుసార్లు ముక్కు దగ్గర వేలు పెట్టి చూశాను.

పన్నెండింటికి ఫోన్ మోగింది. ఆమెకు వినబడకముందే ఎత్తాను. గది ఖాళీ చేయాలి కదా అని నేనే అన్నాను. "మీరు గోల్డ్ సర్, నాలుగింటిదాకా ఉండొచ్చు" అంది అవతలి అమ్మాయి. ఐదేళ్లు ఊళ్లు పట్టుకు తిరిగి సంపాదించిన హోదా ఆ నాలుగు గంటలకు పనికొచ్చింది. తలుపుకు లోపలికి రావద్దన్న అట్ట తగిలించి, కుర్చీ తలుపు దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. కారిడార్‌లో ఎవరైనా గట్టిగా మాట్లాడితే బయటికెళ్లి వేలు పెదవి మీద పెట్టి చూపించాను.

నాలుగింటికి లేపక తప్పలేదు. భుజం మీద చెయ్యి వేయగానే ఒక్క ఉదుటున లేచింది. కళ్లింకా మూసే ఉన్నాయి. కొంగు నడుముకు చెక్కుకుని, జుట్టు ముడేసుకుని, నా వైపు చెయ్యి చాపింది.

"పాల బకెట్ ఇటియ్యి" అంది.

ఆ చెయ్యి పట్టుకుని నిలబడ్డాను. ఇంటికి పోదాం పద అనడానికి నాకు నోరు రాలేదు.